రెండు ఎడమ చేతులు

ఆదివారం పొద్దున ఇడ్లీ పళ్లాల దగ్గర మొదలైంది గొడవ.

అనంతమ్మ పిండి గిన్నె చంకన పెట్టుకుని వంటింట్లో అరలన్నీ వెతికింది. చివరికి ఆ పళ్లాలు ముందు గదిలో, కిటికీ పక్కన కోడలి బల్ల మీద కనిపించాయి. ఒక్కో గుంటలో ఒక్కో రకం సామాను. ఒకదాంట్లో ఆవగింజల్లాంటి నల్లటి ముక్కలు, ఒకదాంట్లో బియ్యపు గింజ కన్నా సన్నటి మరలు, ఇంకోదాంట్లో వెల్లకిలా పడ్డ పురుగుల్లా కాళ్లు పైకి పెట్టుకున్న స్విచ్చులు.

"మానసా, వీటిల ఇడ్లీ పొయ్యాల్నా, నీ మరలు పొయ్యాల్నా?"

"ఒకదాంట్లొకటి కలిస్తే మళ్ల ఏరుడు కష్టమైతది అత్తమ్మా. గుంటలున్నయని పెట్టిన. జర ఆగున్రి, తీసి కడిగిస్త."

"కడిగితే పోతదా? కరెంటు సామాను పెట్టిన పళ్లెంల ఎవరన్న తింటరా?"

"వీటిలకు కరెంటు ఇంకా పోలే."

"పోయినంక చెప్తవా నాకు?"

పేపరు వెనక నుంచి మామగారు శరణప్ప, "ఉప్మా చెయ్యరాదు. లొల్లెందుకు?" అన్నాడు.

"మీరు నడుమల రాకున్రి. పులిసిన పిండి మీ నెత్తిన పోసుకుంటరా?"

ఎనిమిదో తరగతి చదివే మనవరాలు రమ్య దుప్పట్లోంచి తల మాత్రం బయటపెట్టింది. "అజ్జీ, ఉప్మా అయితే నేను లేవ."

ఆ పూట ఉప్మాయే తిన్నారు. కోడలికి వడ్డించేటప్పుడు అనంతమ్మ గరిటె చప్పుడు కాస్త ఎక్కువైంది. మానస తినేసి, పళ్లాలు ఖాళీ చేసి, చింతపండుతో రెండుసార్లు తోమి బోర్లించింది. అత్తగారు అడిగినదాంట్లో తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. మరలను, డయోడ్లనే ఆ నల్లటి ముక్కలను పాత చాయ్ కప్పుల్లోకి మార్చి, ఒక్కో కప్పు మీద కాగితం ముక్క అంటించింది. కలిసిపోయిన సామాను, సరిగ్గా మడవని చీర, మూత లేని డబ్బా, ఇవి ఇంట్లో ఉంటే మానసకు మధ్యాహ్నం కునుకు పట్టదు.

బయట ముసురు పట్టి ఉంది. ఆషాఢం మొదలైనప్పటి నుంచి జహీరాబాద్ మీద ఆకాశం తడి గొంగడిలా వాలిపోయి, గట్టిగా కురవకుండా, పూర్తిగా వెలవకుండా అట్లాగే ఉండిపోయింది. ముంబై రోడ్డు మీద లారీల చప్పుడు కూడా దూదిలోంచి వచ్చినట్టు వచ్చేది. అటువంటి రోజుల్లో ఏ పనైనా సగం మెలకువలో, సగం కలలో చేస్తున్నట్టుంటుంది.

బల్ల మీద తయారవుతున్నది ఒక కీబోర్డు. మామూలుది కాదు. నడిమికి రెండు ముక్కలుగా విడిపోయి, ఒక్కో చేతికి ఒక్కో ముక్క ఉండేది. భుజాలెంత వెడల్పో అంత దూరంలో రెండింటినీ పెట్టుకుంటే చేతులు లోపలికి ముడుచుకోవు, మణికట్లు పక్కకు వంగవు. మానసకు అది సరదా కాదు. ఎనిమిదేళ్లుగా ఆమె ఇంట్లో కూర్చుని హైదరాబాదులో రామ్‌కిషన్ గారి ప్రెస్సుకు తెలుగు పుస్తకాలు టైపు చేస్తోంది. నవలలు, శతకాలు, పెళ్లి సంచికలు, ఒకసారి మూడు వందల పేజీల పశువైద్యం. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి నేర్చుకున్నదాంట్లో ఆమెకు నిజంగా మిగిలింది ఈ ఒక్క పనే. వంట అయ్యాక, రమ్య బడికి పోయాక, మధ్యాహ్నం తలుపు దగ్గరికేసి కూర్చుంటే, ఎవరో రాసిన మాటలు తన వేళ్ల మీదుగా నడిచిపోయేవి. ఆ రెండు మూడు గంటలు ఆమె ఎవరి కోడలూ కాదు.

ఎండాకాలం నుంచి కుడి చెయ్యి నొప్పి పెడుతోంది. బొటనవేలి మొదట్లో పుట్టి, మణికట్టు దాటి మోచేతి దాకా గుంజుతుంది. దవాఖానలో డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "చేతితోని ఏం పని ఎక్కువ చేస్తరు?" అని అడిగాడు. మానస నోరు తెరిచేలోపే పక్కన నిలబడ్డ భర్త బస్వరాజ్, "టైపింగ్ సార్. పొద్దస్తమానం టైపింగే," అన్నాడు. డాక్టరు తల ఊపి, మందులు రాసి, "అది బంద్ చెయ్యున్రి. లేకుంటే ఆపరేషన్ దాకా పోతది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే రామ్‌కిషన్ గారు పెద్ద పని ఒకటి తెచ్చారు. ఒక రిటైర్డ్ మాస్టారు ఊరూరా తిరిగి పోగుచేసిన పంటల మాటల కోశం. విత్తనాల పేర్లు, మట్టి పేర్లు, పురుగుల పేర్లు, ఏ కార్తెకు ఏం చేస్తారో ఆ మాటలు. వెయ్యికి పైగా చేతిరాత పేజీలు. "ఇది మీరు చేస్తేనే తప్పుల్లేకుండ వస్తది అమ్మా. వినాయక చవితి లోపల చెప్పున్రి. మీతోని కాదంటే విజయవాడకు ఇస్త," అన్నారు. నాలుగు పేజీల ఫొటోలు కూడా పంపారు. పచ్చజొన్న, సాయిజొన్న, బురక తొగరి, వలిసెలు. మానస ఆ పేజీలు ఫోనులో పెద్దవి చేసుకుని చాలాసేపు చూసింది. ఆ మాటలు తన వేళ్ల మీదుగా కాక ఇంకెవరి వేళ్ల మీదుగానో పోతాయనుకుంటే, ఇంట్లోంచి ఎవరో ఊరికి పోతున్నట్టు అనిపించింది.

అందుకే ఈ కీబోర్డు. దాంతోనైనా నొప్పి తగ్గితే పని ఒప్పుకోవాలి, తగ్గకపోతే చవితి లోపు కాదని చెప్పేయాలి.

బోర్డులు, స్విచ్చులు, చిప్పులు కొరియర్‌లో వచ్చాయి. బస్వరాజ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో వైరింగ్ పని చేస్తాడు. సీసం కరిగించి అతికించే సోల్డరింగ్ అతనికి చిటికెలో పని. ఆ మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ బల్లకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. ఖాళీ బోర్డుకు కుడి ఎడమలు ఉండవు. రెండూ ఒకే అచ్చులో పోసినవి. చిన్న ముక్కలు ఏ ముఖానికి అతికిస్తే దాన్ని బట్టి అది ఎడమ చేతిదవుతుంది, తిరగేసి అతికిస్తే కుడి చేతిదవుతుంది.

"నాది ఎడమది. మీది కుడిది," అంది మానస.

"తెలుసులేవే."

"ఒక్కసారి చూసుకొని పెట్టున్రి."

"పన్నెండేండ్ల సంది ట్రాక్టర్లకు వైర్లు గుంజుతున్న. నాకు కుడెడమలు నువ్వు చెప్తవా?"

సీసం కరిగిన సన్నటి పొగ కిటికీ వైపు వంగి పోతూ ఉంది. పెళ్లయిన కొత్తలో ఒకే గిన్నెలో బఠాణీలు ఒలిచినప్పటి లాంటి నిశ్శబ్దం. సాయంత్రానికి పని అయిపోయింది. స్విచ్చులు గుచ్చి, మీటల టోపీలు తొడిగి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టారు.

మానస చూసింది. మళ్లీ చూసింది. బొటనవేలికి ఉండే మూడు మీటలు ఎడమ ముక్కకు కుడి మూలన ఉండాలి, కుడి ముక్కకు ఎడమ మూలన ఉండాలి. రెండింటికీ కుడి మూలనే ఉన్నాయి.

"మీరు ఎడమది చేసిన్రు," అంది నెమ్మదిగా.

"లేదు, కుడిదే చేసిన."

"మీ చెయ్యి పెట్టి చూడున్రి."

బస్వరాజ్ కుడి చెయ్యి పెట్టి చూశాడు. బొటనవేలు గాలిలో నిలిచింది. చిటికెన వేలు బొటనవేలి మీటల మీద వాలింది. చాలాసేపు ఆలోచించి నవ్వాడు. ఫ్యాక్టరీలో ట్రాక్టరుకు కుడి ఎడమలు డ్రైవరు సీట్లోంచి లెక్క. వైరింగ్ చేసేవాడు నిలబడేది ట్రాక్టరుకు ఎదురుగా. అతని ఎడమ చేతి వైపు ఏది ఉంటే అది కుడి. పన్నెండేళ్లుగా రోజూ అట్లా అని అని, బోర్డు ముందు కూర్చున్నప్పుడు కూడా చేతులు అట్లాగే లెక్కపెట్టుకున్నాయి.

"దీన్ని డ్రైవరు సీట్లకెళ్లి చూస్తే కుడిదే," అన్నాడు.

"కీబోర్డుకు డ్రైవరు సీటు యాడుంటది?"

గుమ్మంలో నిలబడి వింటున్న అనంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దుటి ఇడ్లీ కోపం అక్కడితో పోయింది. "ఇద్దరు కూడి రెండు ఎడమ చేతులు చేసిన్రు. మంచి పనోళ్లు," అని లోపలికి పోయింది.

ఖాళీ బోర్డులు ఇంకా ఉన్నాయి కానీ, వాటికి అతికించే ముక్కలు అయిపోయాయి. మళ్లీ తెప్పించుకోవాలి. వానలకు కొరియర్లు ఆలస్యమవుతున్నాయని అమ్మినవాళ్లు చెప్పారు. అప్పటిదాకా పాత కీబోర్డు మీద కుడి చెయ్యి పెట్టనని మానస నిర్ణయించుకుంది. కుడి చేతికి ఎట్లాగూ విశ్రాంతి కావాలి. ఆ రోజుల్లో ఆమె కుడి చెయ్యి ఒక్క మీట కూడా నొక్కలేదు.

కానీ ఎడమ ముక్క ఉంది కదా. మధ్యాహ్నాలు దాంతో గడిచాయి.

కీబోర్డు లోపల వేలి గోరంత చిప్పు ఉంటుంది. ఏ మీట నొక్కితే ఏం పంపాలో దానికి ఎవరైనా చెప్పాలి. అట్లా చెప్పే ప్రోగ్రాంనే ఫర్మ్‌వేర్ అంటారు. దుకాణంలో కొన్న కీబోర్డుకు ఎవరో, ఎక్కడో చెప్పేసి పంపిస్తారు. దీనికి చెప్పేవాళ్లు లేరు. మానసే చెప్పాలి. ఒక ఫైలులో వరుసలు వరుసలుగా, మీటలు బల్ల మీద ఎట్లా ఉన్నాయో అట్లాగే, ఒక్కోదానికి ఏ అక్షరమో పాత కీబోర్డు మీద ఎడమ చేత్తోనే కొట్టి రాసింది. రాసినదాన్ని చిప్పుకు అర్థమయ్యేటట్టు మార్చమని కంప్యూటరుకు చెబితే, మొదటిసారి ఎర్రటి అక్షరాలతో తిట్టింది. ఎక్కడో ఒక కామా మరిచింది. వెతికి పెట్టింది. రెండోసారి ఇంకో కామా. మూడోసారి కరెంటు పోయింది. నాలుగోసారి కిటికీ అవతల వాన చినుకులు లెక్కపెడుతూ కూర్చుంటే, చివరి వరుసలో అయిందన్న మాట పడింది.

బోర్డు అడుగున కనీకనిపించని మీట ఒకటి ఉంది. దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే, పెన్‌డ్రైవు పెట్టినట్టు కంప్యూటరులో కొత్త డబ్బా ఒకటి తెరుచుకుంటుంది. ఫైలు తెచ్చి అందులో వేయాలి. డబ్బా దాన్ని మింగి, తనంతట తాను మాయమవుతుంది. ఇంకేమీ జరగదు. దీపం వెలగదు, గంట మోగదు. కానీ అప్పటిదాకా ఉత్త ప్లాస్టిక్కుగా ఉన్నది ఇప్పుడు మాట వింటుంది.

మానస ఎడమ చేతి వేళ్లు ఆనించి నొక్కింది. తెర మీద గుడి పడింది. తర్వాత కొమ్ము. తర్వాత ఏత్వం, ఓత్వం, సున్న.

ఆమె టైపు చేసే పద్ధతిలో అచ్చుల గుర్తులన్నీ ఎడమ చేతికి, హల్లుల్లో చాలావరకు కుడి చేతికి వస్తాయి. ఎనిమిదేళ్లుగా అట్లాగే చేస్తున్నా, రెండు చేతులూ ఒకే పలక మీద ఉన్నప్పుడు ఆ సంగతి ఎప్పుడూ మనసుకు రాలేదు. ఇప్పుడు కుడి చెయ్యి లేదు. తెర నిండా పట్టుకోవడానికి అక్షరం లేని గుడులు, కొమ్ములు, దీర్ఘాలు. ఒక్కోటి చుక్కల సున్నా ఒకదానికి వేలాడుతూ, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు ఉన్నాయి. బస్వరాజ్ చేసిన రెండో ముక్కను కూడా తగిలించి చూసింది. అదీ అంతే. గుడులు, కొమ్ములు.

రమ్య బడి నుంచి వచ్చి తెర చూసి, "అమ్మా, ఇదేం భాష?" అంది.

"సగం తెలుగు."

"మిగిలిన సగమేది?"

"కొరియర్‌లుంది."

ఆ వారంలో ఒక మధ్యాహ్నం మానసకు కునుకులో ఒక కల వచ్చింది. రైల్వే గేటు పడి ఉంది. బీదర్ పోయే రైలు ఎంతకీ రావడం లేదు. గేటుకు ఇటువైపు గుడులూ కొమ్ములూ చెప్పుల్లేకుండా బురదలో నిలబడ్డాయి. అటువైపు క, త, ప, ర, ల గొడుగులేసుకుని వరుసగా ఉన్నాయి. ఎవరూ తొందర పడటం లేదు. వాన పడుతూ ఉంది. తను గేటు మధ్యలో, పట్టాల మీద కూర్చుని రెండు చేతులూ రెండు వైపులకు చాపింది. మెలకువ వచ్చేసరికి నిజంగానే చేతులు మంచానికి అటూ ఇటూ చాపి ఉన్నాయి. దూరంగా రైలు కూత వినిపించింది.

కల పోయాక కూడా ఆ మత్తు పోలేదు. ఎడమ ముక్క ముందు కూర్చుని ఒక్కో మీట గురించీ ఆలోచించింది. వత్తు రావాలంటే ముందు పొల్లు కొట్టాలి. తెలుగులో వత్తు లేని వాక్యం దొరకడం కష్టం. ఆ పొల్లు నడిమి వేలి కింద ఉంది. అన్నేళ్లూ ఆ వేలు రోజంతా అదే చోట పొడుస్తూ వచ్చింది. ఎందుకు? ఎవరో అక్కడ పెట్టారు కాబట్టి. మానస ఫైలు తెరిచి పొల్లును బొటనవేలికి మార్చింది. ఖాళీ అయిన చోటికి కింది వరుసలో మూలుగుతున్న సున్నను తెచ్చి కూర్చోబెట్టింది. కామాలు చూసుకుంది. ఫైలును డబ్బాలో వేసింది. డబ్బా మాయమైంది. బొటనవేలు ఆనిస్తే పొల్లు పడింది.

అంత పెద్ద సంగతిని మార్చడానికి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఆమె కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అట్లా ఉండగా పంచమి వచ్చింది. అనంతమ్మ పుట్టినిల్లు హుమ్నాబాద్ వైపు. ఆ వైపు ఆచారం ఈ ఇంట్లోనూ నడుస్తుంది. నాగపంచమి నాడు పొయ్యి మీద రొట్టెలు కాల్చే పెంక పెట్టరు, కత్తి ముట్టరు, ఆవిరి మీద ఉడికినవే తింటారు. ఈ ఇంట్లో ఆ పట్టింపు పంచమి దాటి ఇంకో రెండు రోజులు సాగుతుంది. అందుకని ముందు రోజే జొన్న రొట్టెలు గంపెడు చేసి, కాగితంలా పలచగా కాల్చి, గలగలలాడేటట్టు ఆరబెట్టుకుంటారు. పక్కిళ్లకు పల్లీల పొడితో పంచుతారు.

మామూలు రోజుల్లో కూడా రొట్టెలు మానసవే. మొగుడంపల్లిలోని తమ చేను నుంచి వచ్చిన జొన్నలు, గిర్నీలో పట్టించిన పిండి, మసిలే నీళ్లు. పిండిని అరచేతి మొదటితో నెట్టి నెట్టి పిసకాలి. సరిగ్గా పిసకకపోతే అంచు పగులుతుంది. అంచు పగిలిన రొట్టె మానస చేతి నుంచి పెంక మీదికి పోదు. పంచమి ముందు రోజు పొద్దున కూర్చున్నది మధ్యాహ్నం దాటాక లేచింది. అనంతమ్మ పెంక దగ్గర కాలుస్తూ, కోడలు తడుతూ, గంప నిండింది.

దీపాలు పెట్టే వేళకు మానస కుడి చేత్తో నీళ్ల చెంబు ఎత్తలేకపోయింది.

అనంతమ్మ ఉప్పు వేయించి బట్టలో మూట కట్టి, కోడలి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కాపడం పెట్టింది. "ఏం చెయ్యి తల్లీ ఇది. ఆ టైపింగ్ చేసి చేసి గిట్ల చేసుకున్నవు. నా మాట ఇని బంద్ చెయ్యి."

వెచ్చటి మూట బొటనవేలి మొదట్లో ఆగింది. మానస కళ్లు మూసుకుంది. ఈ చెయ్యి మీట ముట్టుకుని ఎన్నాళ్లయింది? ఆ ప్రశ్న పైకి అనలేదు. కాపడం హాయిగా ఉంది, అత్తగారి వేళ్లు మెత్తగా ఉన్నాయి. ఆ ప్రశ్న మాత్రం మూటలోని ఉప్పులా లోపల చిటపటలాడింది.

పంచమి నాడు ఆవిరి మీద ఉడికిన బెల్లం కడుబులు. మర్నాడు ఆరిన రొట్టెలు, పెరుగు, పొడి. ఆ మర్నాడూ అంతే. పెంక గోడకు ఆనించి ఉంది. మూడో రోజు మధ్యాహ్నం మానస రమ్య బడి బట్టలు ఉతికి, గట్టిగా పిండి, దండెం మీద ఆరేసింది. క్లిప్పు పెట్టాక గుర్తొచ్చింది, పిండేటప్పుడు చెయ్యి నొప్పి పెట్టలేదని. మళ్లీ ఒక తువ్వాలు తీసి తడిపి పిండింది. నొప్పి లేదు.

తర్వాతి రోజు పెంక పొయ్యెక్కింది. రొట్టెలు అయ్యాక చెయ్యి గుంజింది.

ఒక్కసారి కనిపించినదాన్ని పట్టుకుని తీర్మానం చేయడం మానసకు చేతకాదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముక్కలు రావాలి. కుడి చేతి సగం కూడా పూర్తి కావాలి. టైపు చేసి చూడాలి. అప్పుడు తెలుస్తుంది.

ముక్కలు వచ్చిన రోజు బస్వరాజ్ సోల్డరింగ్ గన్ను ఆమె చేతికే ఇచ్చి, చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"ఎవరి కుడి చేస్తున్నవు? నీదా, ట్రాక్టర్‌దా?"

"ఊకోన్రి. పొగ కండ్లల్ల పోతది."

"నేను ఒక్క మాట చెప్త. గట్ల గాదు, కొన జర వంచు."

ఆమె వంచింది. చుక్క గుండ్రంగా, మెరుస్తూ కూర్చుంది. ఈసారి బొటనవేలి మీటలు ఎడమ మూలన వచ్చాయి. రెండు సగాలను తీగతో కలిపింది. కుడి సగానికి దాని ఫైలు రాసి వేసింది. రెండింటినీ భుజాల వెడల్పున పెట్టుకుంది. నడిమి ఖాళీలో బల్ల చెక్క, దాని మీద కిటికీ వెలుతురు.

కుడి చెయ్యి క అంది. ఎడమ చెయ్యి ఒక గుడి ఇచ్చింది. అక్షరం ఆ చేతిలో పుట్టలేదు, ఈ చేతిలోనూ పుట్టలేదు. మధ్యలో ఖాళీగా ఉన్న ఆ వెలుతురులో ఎక్కడో కలిసినట్టు తోచింది. మానస రామ్‌కిషన్ గారు పంపిన పేజీల్లో మొదటిది తెరిచింది. పచ్చజొన్న. బొటనవేలు పొల్లు కొట్టింది, నడిమి వేలు ఖాళీగా నవ్వుకుంది. సాయిజొన్న. తొగరి. వలిసెలు. ముసురులో మధ్యాహ్నం ఎప్పుడు సాయంత్రమైందో తెలియలేదు. ఎవరో మాస్టారు ఎక్కడో చేను గట్టు మీద విన్న మాటలు ఆమె చేతుల మీదుగా, ఒక్కోటి తలుపు తోసుకుని లోపలికి వచ్చినట్టు వచ్చి తెర మీద కూర్చున్నాయి. వంటింట్లో చాయ్ గిన్నె చప్పుడు విని ఆమె లేచింది. చెయ్యి విదిల్చి చూసుకుంది. ఏ నొప్పీ లేదు.

ఆ వారమంతా మధ్యాహ్నాలు టైపు చేసింది. టైపు చేశాక చెయ్యి తేలిగ్గా ఉంది. పొద్దున రొట్టెలు చేశాక గుంజింది. మధ్యలో ఒక రోజు కావాలని టైపింగ్ మానేసింది. మర్నాడు పొద్దున రొట్టెలయ్యాక అట్లాగే గుంజింది. ఇంకో రోజు శరణప్ప ఊళ్లో లేడు. రొట్టెలకు బదులు కిచిడీ చేసింది. చెయ్యి ఊరుకుంది.

చవితి ముందటి ఆదివారం అందరూ కలిసి తినడానికి కూర్చున్నారు. పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ, వేడి వేడి రొట్టెలు. శరణప్ప రొట్టె తుంచుతూ కొడుకు వైపు చూశాడు.

"ఆ ప్రెస్సాయనకు చెప్పినవా?"

"ఇయాల ఫోన్ చేస్త అప్పా. చెయ్యి బాగలేదంటే ఆయన సమజ్ చేసుకుంటడు. మానసకు మొహమాటమైతది గని, నేను చెప్త."

"చెప్పు. బిడ్డ చెయ్యి పాడైనంక పుస్తకాలేం చేసుకుంటం," అంది అనంతమ్మ.

మానస తన పళ్లెం పక్కకు జరిపింది. "నాకు టైపింగ్‌తోని నొప్పి లేదు," అంది.

అందరూ ఆమె వైపు చూశారు.

"కీబోర్డు తయారయ్యేదాక నా కుడి చెయ్యి ఒక్క బటన్ నొక్కలే. అప్పుడు కూడ రోజూ నొప్పి లేసింది. పంచమికి మూడు రోజులు పెంక పెట్టలే, నొప్పి పోయింది. మళ్ల పెట్టినం, మళ్ల వచ్చింది. ఈ వారమంత టైపు చేసి చూసిన. చెయ్యక కూడ చూసిన. పిండి పిసికినప్పుడే లేస్తున్నది."

"పిండితోని ఎవరికన్న చెయ్యి పోతదా?" శరణప్ప నవ్వబోయాడు. "మన ఇండ్లల్ల ఆడోళ్లంత రొట్టెలు కొట్టినోళ్లే."

బస్వరాజ్ నోట్లో ముద్ద అట్లాగే ఉంచుకుని భార్య చెయ్యి వైపు చూశాడు. డాక్టరు గది గుర్తొచ్చిందేమో, తల దించుకున్నాడు.

అనంతమ్మ కోడలి చెయ్యి పట్టుకుని తన వైపు లాక్కుంది. బొటనవేలి మొదట్లో నొక్కింది. "గిక్కడనా?"

"అవును అత్తమ్మా."

"లోపట జివ్వుమంటదా, మోచెయ్యి దాక?"

"ఆఁ."

అనంతమ్మ ఆ చెయ్యి వదిలి, తన బొటనవేలి మొదట్లో తానే నొక్కుకుంటూ కూర్చుంది. "నాకు గూడ గిక్కడనే ఉండె. బాయి నీళ్లు చేదితే అనుకున్న. నువ్వు కాపురానికి వచ్చినంక తగ్గింది," అంది పళ్లెంలోకి చూస్తూ.

రమ్య ఒక్కొక్కరి ముఖం చూస్తూ చప్పుడు కాకుండా ఉల్లిగడ్డ కొరికింది.

"మరి రొట్టె లేకుంట ఎట్ల?" అన్నాడు శరణప్ప. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. "బజార్ల రొట్టె నా పళ్లతోని నమలరాదు."

"ఎట్లనో అందరం కూసోని చూద్దాం మామయ్యా. రొట్టె తినొద్దని నేను అంటలేను," అంది మానస. "పొద్దుగాల నేనే రామ్‌కిషన్ సార్‌కు ఫోన్ చేసిన. పుస్తకం చేస్తనని చెప్పిన, కాయితాలు పంపుమన్న. రేపటి సంది రొట్టెలు నేను చెయ్య."